చిత్రతురగం

కాలిలో చిన్న ముల్లు గుచ్చుకొంటే ఆ క్షణంలోనే మనసుకు తెలుస్తుంది. ఎక్కడ గుచ్చుకొన్నదో, ఎంత లోతు దిగిందో, ఇంకొక అడుగు వేయవచ్చునో లేదో శరీరమే చెబుతుంది. నొప్పిని మనం శత్రువుగా భావిస్తాం గాని, స్పర్శ కోల్పోయిన పాదానికి ఎంతటి హాని జరుగుతుందో మధుమేహ రోగులను చూచే వైద్యులకు బాగా తెలుసు. మనిషి నిర్మించిన యంత్రాలలో మహాద్భుతమైన విమానానికి చాలాకాలం ఈ ఎరుక లేదు. రెక్కలో పగులు పుట్టినా, అతుకుల నడుమ తుప్పు పట్టినా, నేలమీద నిలిచి ఉన్నప్పుడు మనిషి దీపం పట్టుకొని వెదకి చూస్తే తప్ప బయటపడేది కాదు.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం ఒకటి హీలో పట్టణం నుంచి హోనొలులుకు బయలుదేరింది. 24,000 అడుగుల ఎత్తున ఉండగా ముందుభాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడి గాలిలో కలిసిపోయింది. ప్రయాణికులు పట్టీలు బిగించుకొని బట్టబయలు ఆకాశం కింద కూర్చుండిపోయారు. విమాన పరిచారిక ఒకరు ప్రాణాలు కోల్పోయారు. మిగిలిన 94 మందితో పైలట్లు ఆ శిథిల విమానాన్ని మావీ దీవిలో దింపగలిగారు. ఆ విమానం వయస్సు 19 ఏళ్లు. అప్పటికి అది 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి దాని లోహపు చర్మం ఉబ్బేది, దిగినప్పుడల్లా సడలేది. ఉప్పుగాలి, తేమ తమ పని తాము చేశాయి. లోహం అలసిపోయింది.

దర్యాప్తులో వెలువడిన ఒక విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. విమానం ఎక్కుతున్నప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు సమీపంలో పొడవునా సాగిన పగులును చూసిందట. చూసింది, కాని ఎవరికీ చెప్పలేదు. ఆమెను నిందించలేము. ఆ మాట చెప్పవలసింది ఆమె కాదు, విమానమే.

విమానం చేత ఆ మాట పలికించడానికి శాస్త్రవేత్తలు ఎన్నుకొన్న సాధనం గాజుపోగు. ఆప్టికల్ ఫైబర్ అని మీరందరూ వినే ఉంటారు. మన పాఠ్యగ్రంథాలలో దృశాతంతువు అని వ్రాస్తారు. మిల్లీమీటరులో ఎనిమిదోవంతు మందం గల ఆ పోగులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ప్రయాణిస్తుంది. గాజును చాలినంత శుద్ధి చేస్తే కాంతిని దూరదూరాలకు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో నిరూపించారు. అందుకు 2009లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే పోగు వార్తలు మోయడమే గాక తానే వార్త చెప్పగలదని తెలియడం మరొక కథ. 1978లో కెనడాలోని ఒట్టావా నగరంలో కెనెత్ హిల్, ఆయన సహచరులు ఒక గాజుపోగులోకి లేజర్ కాంతిని పంపుతుండగా, వెనుకకు తిరిగివచ్చే కాంతి నిమిషనిమిషానికి పెరుగుతూ కనిపించింది. కాంతి తాను నడిచిన దారిలోనే చారలు గీసుకొన్నదన్నమాట. ఆ చారల వద్ద గాజు వక్రీభవన గుణకం కొద్దిగా మారింది. 1989లో అమెరికాలో జెరాల్డ్ మెల్ట్జ్ బృందం అతినీలలోహిత కాంతిని పోగు ప్రక్కనుంచి ప్రసరింపజేసి, కోరిన చోట, కోరిన ఎడంతో ఈ చారలను ముద్రించే పద్ధతిని కనుగొన్నది. వీటికే బ్రాగ్ గ్రేటింగ్‌లని పేరు. చారల ఎడానికి తగిన ఒకే ఒక తరంగదైర్ఘ్యం గల కాంతి వాటిని తాకి వెనుదిరుగుతుంది. తక్కినదంతా ముందుకు సాగిపోతుంది. పోగు సాగితే చారల ఎడం పెరుగుతుంది, తిరిగివచ్చే కాంతి తరంగదైర్ఘ్యమూ పెరుగుతుంది. పోగు కుంచించుకుపోతే తగ్గుతుంది. వీణతీగ బిగింపు మారితే శ్రుతి మారినట్లు, గాజుపోగు బిగింపు మారితే కాంతి రంగు మారుతుంది.

ఈ సాగుదలను భౌతికశాస్త్ర పరిభాషలో వికృతి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనస్సు వ్యాకరణం వైపు పరుగెత్తుతుంది. విద్య ప్రకృతి, విద్దె వికృతి. ఆశ్చర్యం ప్రకృతి, అచ్చెరువు వికృతి. మూలరూపం నుంచి ఎంత మారిందో చెప్పడమే రెండు చోట్లా ఆ మాట చేసే పని. దానిని ఎన్నుకొన్నవారి అభిరుచిని మెచ్చుకోవలసిందే.

ఒకే పోగుపై ఒక్కొక్కదానికి ఒక్కొక్క తరంగదైర్ఘ్యం కేటాయించి ఎన్నో గ్రేటింగ్‌లను ముద్రించవచ్చు. తీగలు లాగి కొలిచే విద్యుత్ పరికరాలను వేయిచోట్ల అమర్చితే తీగల బరువే విమానానికి భారమవుతుంది. గాజుపోగుకు ఆ చిక్కు లేదు. పిడుగుపాటు వలన, రాడార్ వలన కలిగే విద్యుదయస్కాంత కల్లోలం దానిని సోకదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ విద్యను ఆకాశంలో పరీక్షించింది. 2003 జూన్ 26న సూర్యశక్తితో నడిచే హీలియోస్ అనే మానవరహిత విమానం హవాయిలోని కావాయీ దీవి సమీపంలో ఎగురుతూ కల్లోలిత వాయువుల్లో చిక్కుకొన్నది. సుమారు 75 మీటర్ల పొడవైన దాని రెక్క పైకి విల్లులా వంగింది, ఊగిసలాడింది, ముక్కలై సముద్రంలో పడింది. ఎగురుతున్న రెక్క ఏ క్షణాన ఏ ఆకృతిలో ఉన్నదో తెలుసుకోవలసిన అవసరం ఎంతటిదో ఆ ప్రమాదం చాటిచెప్పింది. 2008లో నాసా వారు ఇఖానా అనే మరొక మానవరహిత విమానపు రెక్కలపై ఆరు గాజుపోగులను అతికించి ఎగురవేశారు. రెండువేలకు పైగా స్థానాలలో వికృతిని అవి అప్పటికప్పుడు తెలిపాయి. ఆ పోగుల మొత్తం బరువు ఒక కిలో కూడా లేదు.

ఇంతవరకు కథ సుఖంగా సాగింది. చిక్కు ఇక్కడినుంచే మొదలవుతుంది. గాజుపోగు పగులు గురించి మాట్లాడదు, కాంతి గురించి మాత్రమే మాట్లాడుతుంది. ఆ కాంతిని చదివే పరికరం ఒకటి, చదివినదానికి అర్థం చెప్పే సాఫ్ట్‌వేర్ మరొకటి ఉండాలి. అర్థం చెప్పడం ఎంత కష్టమో చూడండి. 1550 నానోమీటర్ల కాంతితో పనిచేసే గ్రేటింగ్ తన పొడవులో పదిలక్షల వంతు సాగితే తరంగదైర్ఘ్యం సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. పికోమీటరు అంటే మీటరులో లక్షకోట్ల వంతు. కాని ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత మారినా అదే తరంగదైర్ఘ్యం సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో నేల విడిచిన విమానం 11 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి బయట సుమారు మైనస్ 56 డిగ్రీల చలి ఉంటుంది. రెక్క వెంట్రుకవాసి వంగకపోయినా, ఈ చలికి గాజుపోగు మాత్రం తాను పదిలక్షలకు ఏడువందలకు పైగా వంతుల మేర కుంచించుకుపోయానని మొరపెట్టుకొంటుంది. దానిని నమ్మితే లేని ప్రమాదానికి విమానం వెనుదిరగాలి. నమ్మకపోతే, ఉన్న ప్రమాదమే ఆ చలి మాటున దాగిపోవచ్చు. అందుకే ఉష్ణోగ్రతను మాత్రమే గ్రహించే గ్రేటింగ్‌లను ప్రక్కనే వేరుగా అమర్చి, చలి చెప్పిన మాటను రెక్క చెప్పిన మాట నుంచి తీసివేస్తారు.

ఈ లెక్క సరిగా జరుగుతున్నదని ఎలా నిర్ధారించాలి? నిజమైన పగులును చూపి పరీక్షించాలంటే రెక్కను విరవాలి. ఆకాశంలో విరవలేము. నేలమీద విరిచినా ఒక రెక్కను ఒక్కసారే విరవగలం.

దీనికి సమాధానం నాకు ఒక సాహిత్య సదస్సు నిమిత్తం బెంగళూరు వెళ్లినప్పుడు దొరికింది. మా కళాశాలలో ఎం.పి.సి. చదివిన పూర్వ విద్యార్థిని ఒకామె అక్కడ ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నది. పద్యాలు కంఠస్థం చేయడంలో తరగతిలో ఆమెను మించినవారు ఉండేవారు కారు. సదస్సుకు వచ్చి, మరునాడు తన పనిచోటు చూపిస్తానని పట్టుబట్టి తీసుకొనిపోయింది. రెక్కలు, ఇంజన్లు చూస్తానన్న ఆశతో వెళ్లిన నాకు చిన్నగదిలో రెండు కంప్యూటర్లు, వాటి నడుమ ఒక తీగ కనిపించాయి.

“రెక్క ఏదమ్మా?” అని అడిగాను.

“రెక్క లేదు సార్. గాజుపోగు కూడా లేదు. కాని ఆ రెండో కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు” అని నవ్వింది.

మొదటి కంప్యూటరులో రెక్క గణితరూపంలో ఉన్నది. విమానం పైకి లేచేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, సుడిగాలిలో చిక్కినప్పుడు రెక్కపై ఏ స్థానంలో ఎంత వికృతి కలుగుతుందో అది లెక్కిస్తుంది. ఆ వికృతికి చలినీ వేడినీ జోడించి, ఏ గ్రేటింగ్ నుంచి ఏ తరంగదైర్ఘ్యం తిరిగి రావాలో నిర్ణయిస్తుంది. అంతటితో ఊరుకోదు. అతుకుల వద్ద నష్టమయ్యే కాంతిని తగ్గిస్తుంది. పరికరాలలో సహజంగా ఉండే రొదను కలుపుతుంది. చివరకు, నిజమైన పరికరం ఏ రూపంలో, సెకనుకు ఎన్నిసార్లు అంకెలను పంపుతుందో సరిగ్గా అదే రూపంలో, అన్నిసార్లు పంపుతుంది. రెండో కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ రేపు విమానంలో ప్రయాణం చేయబోయే సాఫ్ట్‌వేరే. తన ఎదుట ఉన్నది నిజమైన రెక్కే అనుకొని అది తీర్పులు చెబుతూ పోతుంది. ఈ ప్రక్రియను ఎమ్యులేషన్ అంటారు. సిమ్యులేషన్ అంటే ఒకదాని ప్రవర్తనను లెక్కకట్టి చూపడం. ఎమ్యులేషన్ అంటే దాని స్థానంలోనే నిలబడి, అవతలివారు గుర్తుపట్టకుండా దాని పని చేయడం. కూచిపూడి రంగస్థలంపై వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా ప్రవేశించడం వంటిది ఇది. తెలుగులో దీనికి ఇంకా స్థిరమైన మాట లేదు. వేషధారణ అంటే తప్పేమిటని నాకనిపిస్తుంది.

“ఇక్కడ రాత్రికి వేయిసార్లు రెక్క విరుస్తాం సార్” అన్నది ఆమె. పగులు పెంచుతారు, గ్రేటింగ్‌ను జిగురు నుంచి ఊడదీస్తారు, పొరుగున ఉన్న రెండు గ్రేటింగ్‌ల తరంగదైర్ఘ్యాలను ఒకదానివైపు ఒకటి జరిపి కలగాపులగం చేస్తారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ కవలపిల్లలను తారుమారుగా పిలిచే కొత్త ఉపాధ్యాయుని వలె ఒకరి మాటను మరొకరికి అంటగడుతుందా లేదా అన్నది పరీక్ష.

ఒకనాటి పరీక్షను గురించి ఆమె చెప్పిన సంగతి మరువలేనిది. పోగు మొదట్లోనే తెగిపోయినట్లు మొదటి కంప్యూటరు నటించింది. తెగినచోటికి ఆవల ఉన్న గ్రేటింగ్‌లన్నీ మూగబోయాయి. రెండో కంప్యూటరు ఆ మౌనాన్ని సున్నాగా లెక్కకట్టింది. సున్నా అంటే వికృతి లేదని, వికృతి లేదంటే రెక్క క్షేమమని అర్థం. తెరమీద పచ్చని దీపం వెలిగింది! విమానం చెప్పలేకపోవడానికీ, చెప్పవలసినది ఏమీ లేకపోవడానికీ ఆ సాఫ్ట్‌వేర్‌కు భేదం తెలియలేదు. అది నిజమైన విమానంలో జరిగి ఉంటే ఆ పచ్చదీపాన్ని నమ్మి ఎంతమంది ప్రయాణించేవారో!

“‘తెలియదు’ అనే మాట నేర్పడానికి రెండు నెలలు పట్టింది సార్” అన్నది. ఇప్పుడు పోగు మూగబోతే దీపం పచ్చగానూ ఉండదు, ఎర్రగానూ ఉండదు, పసుపుగా మారుతుంది.

తిరుగు ప్రయాణంలో నాకు అలంకారశాస్త్రం జ్ఞప్తికి వచ్చింది. రంగస్థలంపై నటుణ్ణి చూసి ప్రేక్షకుడు “ఇతడు రాముడు” అనుకొంటాడే, ఆ జ్ఞానం ఎటువంటిదని మన ఆలంకారికులు తర్కించారు. శ్రీశంకుకుడనే కాశ్మీర పండితుడు దానికి చిత్రతురగ న్యాయం చెప్పాడు. గోడమీద గీసిన గుర్రాన్ని చూసి “ఇది గుర్రం” అంటాం. అది యథార్థజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, గుర్రాన్ని పోలి ఉన్నదన్న సాదృశ్యజ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ విలక్షణమైన జ్ఞానం అది. ఆ గదిలోని రెక్క కూడా చిత్రతురగమే. దానిని అబద్ధం అనడానికి నాకు నోరు రాలేదు.

అయితే అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు శంకుకుణ్ణి అంత తేలికగా విడిచిపెట్టలేదు. ఒకటి మరొకదానికి అనుకరణ అని తెలియాలంటే మూలాన్ని చూసి ఉండాలి గదా, రాముణ్ణి చూసిన ప్రేక్షకుడెవడు, అని ఆయన ఆక్షేపణ. వేయేళ్లనాటి ఈ ప్రశ్న ఎమ్యులేషన్‌కు గుండెల్లో బాణం వంటిది. గాలిలో రెక్క పగులుతుండగా గాజుపోగు ఎట్లా పలుకుతుందో ఎన్నిసార్లు చూశాం? చూడనిదానిని అనుకరిస్తున్న యంత్రం సరిగా అనుకరిస్తున్నదని చెప్పగలవారెవరు?

ఇది పండితుల వాదం మాత్రమే కాదు. ప్రాణాలు తీసిన సంగతి. 1952లో ప్రయాణికులతో ఎగరడం ప్రారంభించిన తొలి జెట్ విమానం బ్రిటిష్ వారి కామెట్. 1954 జనవరి 10న ఒక కామెట్ ఇటలీలోని ఎల్బా దీవి సమీపంలో ఆకాశంలోనే విచ్ఛిన్నమై 35 మంది మరణించారు. ఏప్రిల్ 8న మరొకటి నేపుల్స్ సమీపంలో కూలి 21 మంది మరణించారు. అప్పుడు ఫార్న్‌బరోలోని శాస్త్రజ్ఞులు ఒక కామెట్ విమాన శరీరాన్ని పెద్ద నీటితొట్టిలో దించి, లోపల నీటి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ, రెక్కలను జాకీలతో ఆడిస్తూ, ఎగరకుండానే విమానం చేత ప్రయాణాలు చేయించారు. అదీ వేషధారణే, కంప్యూటరుకు బదులు నీరు. నిజంగా చేసిన 1,221 ప్రయాణాలకు తొట్టిలో మరి 1,836 ప్రయాణాలు చేరేసరికి విమాన శరీరం చీలిపోయింది. రహస్యం బయటపడింది.

మరి తయారీదారులు ముందుగా పరీక్షించలేదా? పరీక్షించారు. వారి నమూనా భాగం 16,000కు పైగా ఒత్తిడి చక్రాలను తట్టుకొన్నది. కాని అదే భాగాన్ని అంతకుముందు బలపరీక్ష కోసం మామూలు ఒత్తిడికి రెట్టింపు దాకా బిగించి ఉన్నారు. ఆ బిగింపుకు కిటికీల మూలల వద్ద లోహం కొద్దిగా లొంగి, చిత్రంగా, అలసటను ఎక్కువకాలం ఓర్చుకోగల స్థితికి వచ్చింది. ప్రయాణికులను మోసిన విమానాలకు ఆ భాగ్యం కలగలేదు. నమూనా అనుకరించింది ఆ విమానాలను కాదు, వాటికంటే గట్టిదైన మరొక విమానాన్ని. పరీక్ష నిజాయితీగా జరిగింది, అంకెలు సత్యం, నిర్ణయం మాత్రం తప్పు. హీలియోస్ విషయంలోనూ, విమానంలో చేసిన మార్పుల ఫలితాన్ని అంచనా వేయడానికి అప్పటి విశ్లేషణ పద్ధతులు చాలలేదని దర్యాప్తు సంఘం తేల్చింది. చిత్రకారుడు ఊహించని గుర్రం గోడమీదికి ఎక్కదు.

నా విద్యార్థినికి ఉత్తరం వ్రాస్తూ భట్టతౌతుని ఆక్షేపణను వివరించాను. కొన్ని నెలల తర్వాత ఆమె ఫోను చేసింది. ప్రయోగశాలలో ఒక చిన్న రెక్కకు నిజమైన గాజుపోగులు అతికించి, ఇసుకబస్తాలు వ్రేలాడదీసి వంచారట. ఎమ్యులేటర్ చెప్పిన అంకెలనూ, రెక్క చెప్పిన అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూశారట. అన్నీ దగ్గరగానే ఉన్నాయి. రెక్క మొదట్లో ఉన్న మూడు గ్రేటింగ్‌లు మాత్రం ఎమ్యులేటర్ చెప్పినదానికంటే తక్కువ వికృతి చూపాయి. రెక్క అక్కడ అనుకొన్నదానికంటే గట్టిగా ఉన్నదేమో అనుకొన్నారు. రెండు వారాలు వెదికారు.

“జిగురు సార్” అన్నది. “అక్కడ జిగురు కొంచెం దళసరిగా పడింది. రెక్క సాగినంతా పోగుకు చేరలేదు. మా గణితంలో రెక్క ఉంది, గాజు ఉంది, చలి ఉంది. జిగురు లేదు.”

“ఇప్పుడో?” అన్నాను.

“చేర్చాం. పలుచగా పడితే ఎట్లా ఉంటుంది, దళసరిగా పడితే ఎట్లా ఉంటుంది, ఎండకు ముదిరితే ఎట్లా ఉంటుంది, మూడూ వ్రాశాం. నిన్నటి నుంచి రాత్రిళ్లు అవే నడుస్తున్నాయి.”